దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909 జూలై 15 - 1981 మే 9) స్వాతంత్ర్య సమర యోధురాలు, న్యాయవాది, సంఘ సేవకురాలు, భారత రాజ్యాంగ సభ సభ్యురాలు. ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలిగా, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి మొదటి అధ్యక్షురాలిగా ఈమె ప్రసిద్ధురాలు. బాల్యవివాహం జరిగి, బడి చదువు మధ్యలో ఆగిపోయిన బాలిక ఉన్నత న్యాయస్థానంలో వాదించే స్థాయికి, దేశ ప్రణాళికా సంఘంలో సభ్యత్వం వరకు ఎదగడం ఆ కాలంలో అరుదైన విషయం. వీలు కాదని పెద్దలు, అధికారులు చెప్పిన పనులను పట్టుబట్టి చేయడం ఈమె జీవితంలో మొదటినుండి కనిపించే లక్షణం. అయితే ఆ పట్టుదల వాదప్రతివాదాలతో ఆగిపోలేదు. ఏది లేదన్న కారణంతో పని ఆగిపోయిందో, దానిని తానే సమకూర్చడం ఈమె పద్ధతి. ఈమె స్థాపించిన సంస్థలలో చాలావాటి పుట్టుకకు ఇదే మూలం.

బాల్యం, వివాహం

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో ఒక మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించింది. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. తమ్ముడు నారాయణరావు. బాల్యంలో ఎక్కువ భాగం కాకినాడలో గడిచింది. తండ్రికి పరోపకార బుద్ధి ఎక్కువ. కలరా, ప్లేగు వంటి అంటువ్యాధులు ప్రబలిన రోజులలో ఇరుగుపొరుగువారు ఇళ్ళు విడిచిపోతుండగా ఆయన రోగులకు సేవ చేసేవాడని, తనకు సేవాభావం ఆయన నుండే అబ్బిందని దుర్గాబాయి తరువాతి కాలంలో చెప్పుకొన్నది.

నాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళ వయసులోనే ఆమెకు సుబ్బారావు అనే జమీందారీ కుటుంబపు యువకునితో వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చి వివాహమంటే ఏమిటో తెలిసిన తరువాత ఆమె కాపురానికి వెళ్ళడానికి నిరాకరించింది. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళనని చెప్పడమే అపచారంగా భావించే రోజులవి. తండ్రి, తమ్ముడు ఆమెను సమర్థించారు. తాను ఎంచుకొన్న మార్గం వేరని భర్తకు నచ్చజెప్పి, ఆయన మరొక వివాహం చేసుకోవడానికి ఆమె సమ్మతించింది. ఆయన మరణానంతరం దిక్కులేని స్థితిలో ఉన్న ఆయన రెండవ భార్యను దుర్గాబాయి ఆదరించి, ఆంధ్ర మహిళా సభలో ఆశ్రయం, శిక్షణ కల్పించింది. ఒక కట్టుబాటును కాదన్నంత మాత్రాన దానివల్ల నష్టపోయిన మరొక స్త్రీ పట్ల తన బాధ్యత తీరిపోయిందని ఆమె అనుకోలేదు.

గాంధీజీ కాకినాడ పర్యటన

1921 ఏప్రిల్‌లో మహాత్మాగాంధీ కాకినాడకు వచ్చాడు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్ళు నిండలేదు. ఊరిలోని దేవదాసీలు, పరదా పాటించే ముస్లిం స్త్రీలు గాంధీజీ మాటలు వినాలని ఆమె కోరిక. వారు పురుషులు హాజరయ్యే బహిరంగ సభకు రాగలిగినవారు కారు. అందువలన వారికోసం ప్రత్యేకంగా ఒక సమావేశం ఏర్పాటు చేయమని స్థానిక నాయకులను ఆమె అడిగింది. గాంధీజీకి తీరిక లేదని చెప్పిన నాయకులు, చివరకు అయిదువేల రూపాయల నిధి సమర్పిస్తే అయిదు నిమిషాలు కేటాయించగలమని షరతు పెట్టారు. ఒక చిన్నపిల్ల అంత సొమ్ము తేగలదని వారెవరూ అనుకోలేదు.

దుర్గాబాయి దేవదాసీల వద్దకే వెళ్ళి విషయం చెప్పింది. వారు స్వయంగా పూనుకొని ఆ సొమ్ము పోగుచేశారు. సభ జరపడానికి స్థలం దొరకకపోతే ఆమె తన పాఠశాల ప్రధానోపాధ్యాయుని ఒప్పించి బడి ఆవరణను సంపాదించింది. అయిదు నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంటకు పైగా ఆ స్త్రీల మధ్య గడిపాడు. పరదా, దేవదాసీ ఆచారం, బాల్యవివాహాల గురించి మాట్లాడాడు. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆ విధంగా సుమారు ఇరవై అయిదువేల రూపాయలు సమకూరినట్లు దుర్గాబాయి తన ఆత్మకథలో వ్రాసింది. గాంధీజీ ప్రసంగాన్ని ఆమె తెలుగులోకి అనువదించింది. ఆమె అనువాదం నచ్చి, ఆ తరువాత జరిగిన పెద్ద సభలో కూడా అనువాదకురాలిగా ఉండమని గాంధీజీ కోరాడు. ఆనాటినుండి ఆమె, ఆమె కుటుంబసభ్యులు ఖద్దరు ధరించడం మొదలుపెట్టారు.

ఆంగ్ల మాధ్యమంలో బోధనకు నిరసనగా ఆమె ఆ రోజులలోనే బడి మానివేసింది. హిందీ నేర్చుకొని, తోటి బాలికలకు, గృహిణులకు ఉచితంగా నేర్పడానికి ఒక బాలికా హిందీ పాఠశాల ప్రారంభించింది. ఉపాధ్యాయురాలి వయస్సు ఆమె వద్ద చదువుకొనే గృహిణులలో చాలామంది వయస్సు కంటె తక్కువ.

కాకినాడ కాంగ్రెసు సభలు

1923 డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగింది. దుర్గాబాయి శిక్షణ పొందిన బాలికలలో పలువురు ఆ సభలకు స్వచ్ఛంద సేవకులుగా పనిచేశారు. దుర్గాబాయికి సభలతో పాటు ఏర్పాటైన ఖాదీ ప్రదర్శనశాల ద్వారం వద్ద బాధ్యత అప్పగించారు. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపరాదని ఆమెకు ఇచ్చిన ఆదేశం.

ప్రదర్శన చూడటానికి జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. ఆయన వద్ద టిక్కెట్టు లేదు. దుర్గాబాయి ఆయనను ఆపివేసింది. నిర్వాహకులు కంగారుపడి ఆమెను మందలించారు. తనకు ఇచ్చిన ఆదేశాన్నే పాటిస్తున్నానని ఆమె సమాధానమిచ్చింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతే ఆయనను లోనికి అనుమతించింది. పద్నాలుగేళ్ళ బాలిక కర్తవ్యనిష్ఠను నెహ్రూ మెచ్చుకొన్నాడు. ఈ సంఘటన తెలుగునాట పాఠ్యపుస్తకాల ద్వారా బాగా ప్రచారం పొందింది. ఆమె ఎదిరించినది నియమాలనన్నిటినీ కాదని, న్యాయమైన నియమాన్ని ఎంతటివారికైనా సమానంగా వర్తింపజేసేదని దీనినిబట్టి తెలుస్తుంది.

ఉప్పు సత్యాగ్రహం, కారాగారవాసం

1930లో ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైనప్పుడు మద్రాసులో టంగుటూరి ప్రకాశం, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు ప్రభృతులతో కలిసి దుర్గాబాయి ఉద్యమంలో పాల్గొన్నది. ప్రముఖ నాయకుల అరెస్టుల తరువాత ఉద్యమాన్ని నడిపే బాధ్యత ఇరవై ఒక్క ఏళ్ళయినా నిండని ఆమెపై పడింది. 1930 నుండి 1933 మధ్యకాలంలో ఆమె మూడు పర్యాయాలు జైలుకు వెళ్ళింది. రాయవెల్లూరు, మదురై జైళ్ళలో శిక్ష అనుభవించింది. మదురైలో దీర్ఘకాలం ఒంటరి నిర్బంధంలో ఉంచడం వలన ఆమె ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది.

జైలు జీవితం ఆమె ఆలోచనలను మరొక దారికి మళ్ళించింది. హత్యానేరాలపై యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న స్త్రీలు ఎందరో ఆమెకు అక్కడ తారసపడ్డారు. వారిలో చాలామందికి చదువు లేదు. తమమీద మోపిన నేరమేమిటో, తాము వేలిముద్ర వేసిన కాగితంలో ఏమున్నదో వారికి తెలియదు. వారి తరఫున న్యాయస్థానంలో సరిగా వాదించినవారు లేరు. న్యాయశాస్త్రం చదివి ఇటువంటి స్త్రీలకు సహాయపడాలని దుర్గాబాయి నిశ్చయించుకొన్నది. విడుదలైన తరువాత ఆమె ప్రత్యక్ష రాజకీయాలకు దూరంగా ఉండి చదువు మీద దృష్టి నిలిపింది.

విద్యాభ్యాసం

న్యాయశాస్త్రం చదవాలంటే ముందు పట్టభద్రురాలు కావాలి. దానికి ముందు మెట్రిక్యులేషన్ ప్యాసవ్వాలి. అప్పటికి దుర్గాబాయి చదువు బాల్యంలో మానివేసిన బడి చదువే. ఇరవయ్యేళ్ళు దాటిన స్త్రీని చిన్నపిల్లలతో పాటు బడిలో చేర్చుకొనే వీలు లేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షకు బాలికలు ప్రైవేటుగా కూర్చొనే అవకాశముండేది. దుర్గాబాయి ఇంట చదువుకొని ఆ పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. ఆంగ్ల మాధ్యమానికి నిరసనగా బడి మానిన వ్యక్తి, తన ఆశయం కోసం అదే ఆంగ్లాన్ని మొదటినుండి శ్రమపడి నేర్చుకొన్నది.

తరువాత రాజనీతిశాస్త్రం చదవడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రవేశం కోరింది. అక్కడ స్త్రీలకు వసతిగృహం లేనందున చేర్చుకోలేమని విశ్వవిద్యాలయం వారు మొదట తెలిపారు. చదవాలనుకొనే విద్యార్థినులు లేరు కాబట్టి వసతిగృహం లేదు, వసతిగృహం లేదు కాబట్టి విద్యార్థినులు చేరడం లేదు. ఈ చిక్కుముడిని విప్పడానికి దుర్గాబాయి పత్రికలలో ఒక ప్రకటన ఇచ్చింది. విశ్వవిద్యాలయంలో చదవాలన్న కోరిక ఉండి, వసతి లేక ఆగిపోయిన బాలికలు తనకు వ్రాయవలసిందిగా కోరింది. దానికి స్పందించిన కొందరు బాలికలతో కలిసి ఆమె స్వయంగా వసతి ఏర్పాటు చేసింది. అభ్యంతరానికి కారణం తొలగిపోవడంతో విశ్వవిద్యాలయం ఆమెకు ప్రవేశం ఇచ్చింది. అది ఆమె ఒక్కరికే ఉపయోగపడిన ఏర్పాటు కాదు. ఆమె వెంట మరికొందరు స్త్రీలకు ఉన్నత విద్యకు దారి ఏర్పడింది. అనంతర కాలంలో ఇదే విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయన కేంద్రానికి ఆమె పేరు పెట్టారు.

రాజనీతిశాస్త్రంలో బి.ఎ., ఎం.ఎ. పూర్తిచేసిన పిదప ఆమె మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1942లో పట్టా పొందింది. మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదై, క్రిమినల్ కేసులు, స్త్రీల ఆస్తిహక్కులకు సంబంధించిన వ్యాజ్యాలు చేపట్టి పేరు తెచ్చుకొన్నది. జైలులో చేసుకొన్న నిర్ణయం నెరవేరడానికి సుమారు తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆంధ్ర మహిళా సభ

తాను చదువుకొంటున్న రోజులలోనే దుర్గాబాయి మద్రాసు మైలాపూరులో చుట్టుప్రక్కల పిల్లలను చేరదీసి బృందావనం పేరుతో ఒక చిన్న సంఘం నడిపింది. 1937 ప్రాంతంలో ఇది ఆంధ్ర మహిళా సభగా రూపొందింది. తనవలె చిన్నతనంలో చదువు ఆగిపోయిన స్త్రీలు, బాల వితంతువులు, భర్త విడిచిపెట్టినవారు ఈ సంస్థకు వచ్చేవారు. వయస్సు మించిపోయినందున వీరిని ఏ పాఠశాలా చేర్చుకొనేది కాదు. తాను నడిచిన దారిలోనే వారిని బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేయడం సభ ప్రధాన కార్యక్రమం. నాలుగైదేళ్ళ పాఠాలను రెండేళ్ళలో నేర్పే విధంగా తరగతులు నిర్వహించేవారు. మెట్రిక్యులేషన్ అయినవారు ఉపాధ్యాయ శిక్షణ, నర్సు శిక్షణ పొంది తమ కాళ్ళమీద తాము నిలబడగలిగారు.

క్రమంగా సభ ఆధ్వర్యంలో వసతిగృహం, వృత్తివిద్యా కేంద్రం, ముద్రణాలయం, ఆసుపత్రి, నర్సుల శిక్షణాలయం ఏర్పడ్డాయి. సభ తరఫున ఆంధ్ర మహిళ అనే పత్రిక వెలువడింది. తరువాత సభ కార్యకలాపాలు హైదరాబాదుకు విస్తరించాయి. అక్కడ మహిళా కళాశాల, ఆసుపత్రి, అక్షరాస్యతా కేంద్రం నెలకొన్నాయి. ఈ సంస్థ చరిత్రను దుర్గాబాయి ఆంగ్లంలో ది స్టోన్ దట్ స్పీకెత్ అనే గ్రంథంగా వ్రాసింది. ఢిల్లీలోని తెలుగువారి పిల్లల కోసం ఆంధ్ర విద్యా సంఘం, ఆ తరువాత 1961లో శ్రీ వేంకటేశ్వర కళాశాల ఏర్పడటంలో కూడా ఆమె కృషి ఉన్నది.

రాజ్యాంగ సభలో

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. సభ రికార్డులలో ఈమె పేరు జి. దుర్గాబాయి అని కనిపిస్తుంది. రాజ్యాంగ రచనలో పాల్గొన్న 15 మంది స్త్రీలలో ఈమె ఒకరు. సభాధ్యక్షుల జాబితాలో ఉన్న ఏకైక మహిళ కూడా ఈమే. ముసాయిదాపై అనేక సవరణలు ప్రతిపాదించింది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు 35 ఏళ్ళుగా ముసాయిదాలో ఉండగా దానిని 30 ఏళ్ళకు తగ్గించాలన్న సవరణ ఈమె ప్రతిపాదించినదే. వివేకానికి వయస్సు ఒక్కటే కొలమానం కాదన్నది ఆమె వాదన సారాంశం. ఆ సవరణ ఆమోదం పొందింది. పన్నెండేళ్ళ వయసులో సభలు జరిపిన వ్యక్తి ఈ వాదన చేయడం గమనించదగినది.

ఆమె కోరినవన్నీ నెరవేరలేదు. జాతీయ భాషగా హిందుస్తానీ ఉండాలని ఆమె అభిప్రాయం. హిందీ ప్రచారానికి దక్షిణాదిలో స్వచ్ఛందంగా కృషి చేసిన తనవంటి వారికి, ఆ భాషను తొందరపడి రుద్దే ధోరణి బాధ కలిగిస్తున్నదని ఆమె సభకు తెలిపింది. చివరకు దేవనాగరి లిపిలో హిందీని అధికార భాషగా, పదిహేనేళ్ళపాటు ఆంగ్లాన్ని కొనసాగించే విధంగా రాజీ కుదిరింది. తాత్కాలిక పార్లమెంటులో స్త్రీలకు ఆస్తిహక్కు కల్పించే హిందూ కోడ్ బిల్లును ఆమె గట్టిగా సమర్థించినా, ఆ బిల్లు ఆ రూపంలో చట్టం కాలేదు. అందలి అంశాలు 1955, 1956 సంవత్సరాలలో వేరువేరు చట్టాలుగా వెలువడ్డాయి.

సంక్షేమ రంగంలో సేవ

1952 సార్వత్రిక ఎన్నికలలో దుర్గాబాయి ఓటమి పాలైంది. అనంతరం నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమించాడు. సాంఘిక సంక్షేమానికి ప్రణాళికలో ప్రత్యేక స్థానం కల్పించాలని ఆమె పట్టుబట్టింది. దాని ఫలితంగా 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దానికి ఆమె మొదటి అధ్యక్షురాలు. దేశంలో చెదురుమదురుగా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనసహాయం అందించడం ఈ మండలి ముఖ్యోద్దేశం. 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రారంభించింది. మైలాపూరులో రెండేళ్ళ మెట్రిక్యులేషన్ తరగతులుగా మొదలైన ప్రయోగం ఈ విధంగా దేశవ్యాప్త పథకమైంది.

1958లో ప్రభుత్వం నియమించిన జాతీయ మహిళా విద్యా సంఘానికి కూడా ఆమె అధ్యక్షత వహించింది. 1959లో సమర్పించిన నివేదికలో, స్త్రీ విద్యను ప్రత్యేక సమస్యగా గుర్తించి తగిన నిధులు కేటాయించాలని సంఘం సిఫారసు చేసింది. 1953లో చైనా పర్యటించినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను పరిశీలించి, అటువంటివి మన దేశంలోనూ అవసరమని ఆమె నెహ్రూకు, న్యాయకోవిదులకు సూచించింది. ఈ సూచన వెంటనే ఫలించలేదు. ఆమె మరణించిన మూడేళ్ళకు, 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది.

ద్వితీయ వివాహం

1953 జనవరి 22న దుర్గాబాయి అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. ఆయన భారత రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరుగా పనిచేసిన వ్యక్తి. ఆ వివాహానికి సాక్షులలో నెహ్రూ ఒకడు. బాల్యవివాహాన్ని కాదన్న స్త్రీ, 43 ఏళ్ళ వయస్సులో వేరొక భాష, వేరొక ప్రాంతానికి చెందిన వ్యక్తిని స్వయంగా ఎంచుకొని చేసుకొన్న వివాహం కావడం వలన అప్పట్లో ఇది విశేషంగా చర్చించబడింది. ఆమె 1980లో వెలువరించిన ఆత్మకథ పేరు చింతామన్ అండ్ ఐ.

పురస్కారాలు, చివరి దశ

1968లో భారత ప్రభుత్వం ప్రచురించిన భారత సాంఘిక సేవా విజ్ఞాన సర్వస్వం ఆమె పర్యవేక్షణలో రూపొందింది. అక్షరాస్యతకు చేసిన కృషికి నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం, సాంఘిక సేవకు పాల్ జి. హాఫ్‌మన్ పురస్కారం లభించాయి. 1975లో భారత ప్రభుత్వం పద్మ విభూషణ్‌తో గౌరవించింది. జైలులో దెబ్బతిన్న ఆరోగ్యం ఆమెను జీవితాంతం బాధించింది. అయినా చివరి వరకు ఆంధ్ర మహిళా సభ పనులను పర్యవేక్షిస్తూనే ఉన్నది. 1981 మే 9న ఆమె మరణించింది. భర్త దేశ్‌ముఖ్ మరుసటి సంవత్సరం 1982 అక్టోబరు 2న హైదరాబాదులో మరణించాడు.

ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణం వద్ద ఉన్న మెట్రో రైలు స్టేషనుకు ఆమె పేరు పెట్టారు. ఆ ప్రాంగణానికి సమీపంలోనే శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉన్నది. వసతి లేదన్న కారణంతో ఒకప్పుడు విశ్వవిద్యాలయ ప్రవేశం నిరాకరించబడిన స్త్రీ పేరు గల ఆ స్టేషనులో ప్రతిదినం కళాశాలకు వెళ్ళే విద్యార్థినులు దిగుతుంటారు.